దారి తెలిస్తేనే హక్కు

2024 జనవరిలో బోరబండ నుంచి ఒకామె మా ఆఫీసుకు వచ్చింది. పాలమూరు జిల్లా నుంచి వలస వచ్చి పన్నెండేళ్లయిందట. జూబ్లీహిల్స్‌లో నాలుగిళ్లలో పని చేసి ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటోంది. భర్త తాగి కొట్టడం ఆమెకు కొత్త కాదు. ఈమధ్య పెద్దకూతురి మీద కూడా చెయ్యి ఎత్తడం మొదలుపెట్టాడు. అది భరించలేక వచ్చింది.

ఆమె చెప్పిందంతా విన్నాం, రాసుకున్నాం. 2005 గృహహింస చట్టం ఏం చెబుతుందో వివరించాం. మూసీ అవతల ఉన్న రక్షణాధికారి ఆఫీసు చిరునామా చీటీ మీద రాసిచ్చి, సోమవారం వెళ్లమన్నాం. రిజిస్టర్‌లో 'పంపడమైనది' అని రాసి ఆ పేజీ తిప్పేశాం. ఆ మాట రాసింది నేనే.

మూడు వారాల తర్వాత ఆమె అదే చీటీతో మళ్లీ వచ్చింది. మడతలు పడి అంచులు చిరిగిపోయిన చీటీ. సోమవారం బయల్దేరిందట. అప్పటికి ఆడవాళ్లకు బస్సు ఉచితమే కాబట్టి టికెట్టు సమస్య రాలేదు. కోఠి దాకా వచ్చింది. అక్కడ ఇంకో బస్సెక్కాలి. ఏ బస్సో తెలియదు. స్టాపులో నిలబడ్డ ఒకతన్ని అడిగింది. అతను చీటీ చదివి, ఆమెను పైనించి కిందికి చూసి, "ఎందుకు పోతున్నవ్ అక్కడికి?" అన్నాడు. ఆమె చీటీ లాక్కుని పక్కకు వెళ్లింది. రెండు గంటలు అక్కడే నిలబడి, పిల్లలు బడి నుంచి వచ్చే వేళయిందని తిరిగి వెళ్లిపోయింది.

"ఎక్కడికి అనడిగితే చెప్తగని, ఎందుకు అనడిగితే ఏం జెప్పాలె అక్కా?" అంది.

ఆ రోజు నాకు సిగ్గేసింది. చట్టాల గురించి నేను గంటలు గంటలు మాట్లాడగలను. శిక్షణ తరగతుల్లో సెక్షన్లు ఒప్పజెప్పగలను. కానీ ఆ చట్టానికి ఒక చిరునామా ఉంటుందని, ఆ చిరునామాకు ఒక దారి ఉంటుందని, ఆ దారిలో ఒంటరిగా నడిచే స్త్రీని "ఎందుకు?" అని నిలేసే హక్కు ప్రతి దారినపోయేవాడికీ ఉందని మేం అనుకుంటూనే మరచిపోయాం. తప్పు ఆమెది కాదు. కోఠిలో అడిగినతనిది మాత్రమే కూడా కాదు. మాది.

ఈ సంపాదకీయం ఆ తప్పు గురించి, దాన్ని దిద్దుకునే ప్రయత్నంలో మేం తిరిగిన నగరం గురించి.

నాకు ఈ ఊరు ముప్పై ఏళ్లుగా తెలుసని నా నమ్మకం. కానీ కాగితం తీసుకుని నాకు తెలిసిన హైదరాబాద్‌ను గీస్తే ఏముంది? ఇల్లు, ఆఫీసు, కోర్టు, హిమాయత్‌నగర్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, ఇందిరాపార్కు దగ్గరి ధర్నాచౌక్. బస్తీలు కూడా తెలుసు, కానీ మీటింగు జరిగే కమ్యూనిటీ హాలు దాకానే. మన నివేదికల్లో వాటిని 'పని ప్రాంతం' అంటాం. చేతిలో ఫైలు లేకుండా, ఫలానా పని లేకుండా నేను ఏ బస్తీకి వెళ్లాను? గుర్తు చేసుకుంటే ఒక్కటీ లేదు.

తర్వాతి సమావేశంలో అందరినీ ఇదే గీయమన్నాం. బోరబండ ఆమె గీసిన పటంలో నాలుగు గీతలున్నాయి. పనిళ్లు, రేషన్ దుకాణం, ఎర్రగడ్డ రైతుబజారు, ఆస్పత్రి. సుల్తాన్‌షాహీ నుంచి వచ్చిన ఆపా గీసింది ఇంకా చిన్నది. పుట్టిల్లు, అత్తిల్లు, దర్గా. మాధాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అమ్మాయి హాస్టలు గీసింది, కంపెనీ గీసింది, రెంటి మధ్య కంపెనీ క్యాబు గీసింది. "మధ్యలో ఏముందో తెలీదు మేడం, నిద్రపోతాను" అంది. చదువులో, కులంలో, మతంలో, జీతంలో ఒకరికొకరు పొంతనలేని స్త్రీలు. పటాలు మాత్రం ఒక్కలాగే ఉన్నాయి. పని మీద వెళ్లే దారులు, పని కాగానే తిరిగొచ్చే దారులు. మాలో ఎవరికీ నగరం తెలియదు. మాకు తెలిసింది మాకిచ్చిన పనుల జాబితా.

మగవాళ్లు నగరాన్ని ఎలా నేర్చుకుంటారు? పదేళ్ల వయసు నుంచి సైకిలు మీద, స్నేహితులతో, ఏ పనీ లేకుండా. టీకొట్టు దగ్గర నిలబడి, కూడలిలో కూర్చుని. దాన్ని ఎవరూ శిక్షణ అనరు. కానీ ముప్పై ఏళ్లొచ్చేసరికి ఏ ఆఫీసు ఎక్కడుందో, ఏ బస్సు ఎటు పోతుందో, ఎవర్ని పట్టుకుంటే పనవుతుందో వాళ్లకు తెలిసి ఉంటుంది. మనకు 'తిరుగుబోతు' అనే మాట తిట్టు. ఆ తిట్టుకు భయపడి మనం వదులుకున్నది షికారు ఒక్కటే కాదు. నగరంలో పని జరిపించుకునే శక్తిని కూడా వదులుకున్నాం. 2011లో శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే కలిసి ముంబై స్త్రీల గురించి ఇంగ్లిషులో రాసిన పుస్తకం ఊరికే తిరగడం కూడా హక్కేనని వాదించింది. అది చదివినప్పుడు నాకు కొంచెం విలాసంగా అనిపించింది. బోరబండ ఆమె చీటీ చూశాక అనిపించలేదు.

అప్పుడు ఒక నిర్ణయం తీసుకున్నాం. నెలకో ఆదివారం పన్నెండు మందిమి నగరంలో ఒక పేటకు వెళ్లాలి. బ్యానరు ఉండదు. కరపత్రాలు, సర్వే ఫారాలు ఉండవు. ఆ పేటలో ఉండే స్త్రీయే ముందు నడవాలి, మిగతావాళ్లం వెనక నడవాలి. దారి అడగాల్సి వస్తే వంతులవారీగా అడగాలి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో స్త్రీలకు, బాలికలకు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు బస్సు ప్రయాణం ఉచితమైంది కాబట్టే ఇది సాధ్యమైంది. అంతకుముందు ఊరికే తిరిగి రావడానికి రానూపోనూ టికెట్టు పెట్టమంటే ఇళ్లపని చేసే ఏ స్త్రీ వస్తుంది? బస్సుల్లో ఆడవాళ్లు ఊరికే తిరుగుతున్నారని ఆ పథకాన్ని ఎద్దేవా చేసినవాళ్లున్నారు. అవును, మేం ఊరికే తిరిగాం. అందులో తప్పేముంది?

మొదటి నడక చార్మినార్ దగ్గర మొదలైంది. 1591లో కట్టిన ఆ నాలుగు మినార్ల కింద మాలో సగం మంది అంతకుముందు నిలబడలేదు. టీవీలో చూశారు, అంతే. ముందు నడిచింది సుల్తాన్‌షాహీ ఆపా. లాడ్‌బజార్‌లో గాజుల దుకాణాల వెలుగు చూసి అందరం ఆగిపోతుంటే, "ఇది దుకాణం. గాజు పుట్టేది చూపిస్తా, రండి" అని వెనక సందుల్లోకి తీసుకెళ్లింది. చిన్న గదులు, నిప్పుల కుంపట్లు. కరిగిన లక్క చల్లారేలోగా మెరిసే రాళ్లు ఒక్కొక్కటీ అద్దాలి. ఇంటి పనంతా అయ్యాక స్త్రీలు కూర్చుని చేస్తారు. లెక్క జతకింత. వేళ్ల కొసలు కాలి గట్టిపడి ఉన్నాయి. 2024 మార్చిలో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరికి గుర్తింపు, గాజుకు గుర్తింపు. రాయి అద్దే చేతిని మాత్రం 'ఇంట్లో ఉండే ఆడది' అంటారు. జనాభా లెక్కల మనిషి వచ్చి అడిగితే ఆమె కూడా "ఏం పని చెయ్యను" అనే చెబుతుంది.

అక్కడికి కొంత దూరంలోనే మెహబూబ్‌కీ మెహందీ ఉండేది. వ్యభిచార వృత్తిలో ఉన్న స్త్రీలు తరాలుగా బతికిన చోటు. 1996లో దాన్ని ఖాళీ చేయించారు. ఊరు శుభ్రపడిందని చాలామంది సంతోషించారు. ఆ స్త్రీలు ఎటుపోవాలో ముందుగా ఆలోచించినవాళ్లు తక్కువ. వాళ్ల పిల్లల కోసం అక్కడ బడి పెట్టడంతోనే 'ప్రజ్వల' పని మొదలైంది. ఒక పేటను పటం మీద నుంచి చెరిపేస్తే అక్కడి దోపిడీ చెరిగిపోదు. అది చిరునామా లేని దోపిడీగా మారుతుంది. అప్పుడు దాన్ని వెతికి పట్టుకోవడం మనకు ఇంకా కష్టమవుతుంది. పాతబస్తీ గురించి బయటివాళ్లు మాట్లాడినప్పుడల్లా బాల్యవివాహాలు, అరబ్ షేకులు తప్ప ఇంకో మాట రాదు. అవి అబద్ధాలు కావు. కానీ 2002 నుంచి సుల్తాన్‌షాహీలో కవయిత్రి జమీలా నిషాత్ నడుపుతున్న 'షాహీన్' లాంటి సంస్థల్లో ఆ ఇరుకు సందుల అమ్మాయిలే కూర్చుని, తమ పేట అమ్మాయిల కోసం కొట్లాడుతున్నారన్నది కూడా అంతే నిజం. ఆ నిజం తెలియాలంటే ఆ సందులో నడవాలి.

తిరిగి వస్తూ ఒక ఇరానీ హోటల్‌కు వెళ్లాం. మా పన్నెండు మందిని చూడగానే కుర్రాడు లోపలి ఫ్యామిలీ రూము చూపించాడు. తెర వేసి, గాలి ఆడని గది. "బయటే కూర్చుంటాం" అన్నాం. అతను యజమాని వైపు చూశాడు. యజమాని మా వైపు చూశాడు. హోటల్ మొత్తం మా వైపు చూసింది. కూర్చున్నాం. బోరబండ ఆమె టీ తాగుతూ, "నలబై ఏండ్లొచ్చినయ్, హోటల్ల కుర్చీల కూసునుడు ఇదే మొదలు" అంది. చిన్న విషయమే. కానీ ఎవరూ మమ్మల్ని "ఎందుకొచ్చారు?" అని అడగలేదు, టీ డబ్బులు మాత్రమే అడిగారు. నగరం నుంచి ఒక స్త్రీ కోరుకునేది చాలావరకు ఇదే.

రెండో నడక కోఠిలో. ఆమె తిరిగి వెళ్లిపోయిన ఆ బస్‌స్టాపు నుంచే కావాలని మొదలుపెట్టాం. అక్కడి మహిళా కళాశాల మొదలై 2024కు నూరేళ్లయింది. అది తర్వాత విశ్వవిద్యాలయమైంది, 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఆ ఆవరణ ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీ. రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్‌ను పెళ్లాడిన ఖైరున్నీసా కోసం అక్కడ విడిగా జనానా మహలు కట్టారు. ఒక స్త్రీ పరదాలో గడిపిన అదే ఆవరణలోకి తర్వాత వేల మంది అమ్మాయిలు పుస్తకాలు పట్టుకుని గేటు దాటి వచ్చారు. పరదా నుంచి పట్టాకు దారి అంత తేలిగ్గా పడలేదు. ఎవరో ఒకరు మొదట ఆ గేటు దాటాల్సి వచ్చింది, వీధిలో మాటలు పడాల్సి వచ్చింది.

అక్కడి నుంచి ఉస్మానియా ఆస్పత్రికి నడిచాం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు నూట యాభై మంది ప్రాణాలు కాపాడిందని చెప్పే చింతచెట్టు ఆ ఆవరణలోనే ఉంది. చెట్టు కింద కూర్చుని అన్నాలు తిన్నాం. పక్కన రోగుల బంధువులు, ముఖ్యంగా ఆడవాళ్లు, నేల మీద పడుకుని ఉన్నారు. జిల్లాల నుంచి వచ్చి రోజుల తరబడి అక్కడే ఉంటారు. స్నానం ఎక్కడ, నెలసరి వస్తే ఎక్కడికెళ్లాలి అని మాలో ఒకమ్మాయి ఒకామెను అడిగింది. ఆమె నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు ఏ సర్వే ఫారంలోనూ పట్టదు.

ఒక నడకలో పేటల పేర్ల గురించి మాట్లాడుకున్నాం. హయాత్‌నగర్ హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలిసింది. ఖైరతాబాద్‌ను కుతుబ్‌షాహీ రాకుమారి ఖైరున్నీసా పేరుతో చెబుతారు. బేగంబజార్ ఒక నిజాం బేగం వర్తకులకు ఇచ్చిన స్థలమంటారు. మౌలాలి గుట్ట కింద మహ్ లఖా బాయి సమాధి ఉంది. 1768లో పుట్టి 1824లో చనిపోయిన ఈమె ఉర్దూలో దివాన్ కూర్చిన తొలి కవయిత్రుల్లో ఒకరు, నర్తకి, జాగీరుదారు. తల్లి కోసం తాను కట్టించిన ఆవరణలోనే ఆమెనూ సమాధి చేశారు. ఇంతమంది స్త్రీల పేర్ల మీద ఉన్న ఊరిలో సాయంత్రం ఏడు దాటితే వీధిలో ఆడవాళ్లు పలచబడిపోతారు. పేరు రాణిది, వీధి మాత్రం మగవాళ్లది. రాణులు కాని వాళ్ల పేరు మీద, అడ్డా మీద నిలబడి కూలి కోసం చూసే స్త్రీ పేరు మీద, ఒక్క వీధి కూడా మాకు కనబడలేదు.

నాలుగో నడకలో ముందు నడిచింది బోరబండ ఆమె. తన బస్తీ చూపించి, తర్వాత తాను రోజూ నడిచే దారినే జూబ్లీహిల్స్‌కు తీసుకెళ్లింది. ఎంతో దూరం లేదు, కానీ వేరే దేశంలా ఉంది. రోడ్డు వెడల్పు, చెట్ల నీడ, మనుషులు లేరు. మా గుంపును చూసి మూడు గేట్ల దగ్గర కాపలావాళ్లు "ఎవరింటికి?" అని అడిగారు. ఎవరింటికీ కాదు, నడుస్తున్నాం అంటే నమ్మలేదు. బురఖాలో ఉన్న ఆపానైతే విడిగా పిలిచి అడిగారు. చార్మినార్ దగ్గర మమ్మల్ని ఆడవాళ్లుగా చూశారు. ఇక్కడ పేదవాళ్లుగా, ముస్లింలుగా చూశారు. రెండు చోట్లా ఒకటే ప్రశ్న: ఇక్కడ నీకేం పని?

ఒక పెద్ద భవనం చూపించి ఆమె చెప్పింది. "ఈ బిల్డింగుల పనోళ్లకు వేరే లిఫ్టు. ఈ కాలనీల వంటరూములు మొత్తం నాకెరుక. ముందర రూముల ఒక్కపారి గూడ కూసోలే." ఆ మాట విని మా సభ్యుల్లో ఒకరు తల దించుకున్నారు. ఆమె ఇంట్లోనూ పనిమనిషికి గ్లాసు వేరే ఉంటుంది. తర్వాతి సమావేశంలో ఆమే ఆ విషయం లేవనెత్తింది. స్త్రీలమంతా ఒకటే అనడం నినాదంగా బాగుంటుంది. ఒకరి పేటలో ఒకరు నడిస్తే ఆ నినాదం ఎక్కడ చిరిగిందో కనబడుతుంది. చిరుగు కనబడితేనే కుట్టగలం.

అమీర్‌పేట, మాధాపూర్‌లకు సాయంత్రం వెళ్లాం. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి తెలుగు జిల్లాలన్నిటి నుంచీ అమ్మాయిలు ఇక్కడికి వస్తున్నారు. కోచింగులు, హాస్టళ్లు, ఉద్యోగాలు. సంపాదిస్తున్నారు, ఇంటికి డబ్బు పంపుతున్నారు. కానీ చాలా హాస్టళ్లలో రాత్రి వేళ దాటితే గేటు మూస్తారు. అర్ధరాత్రి షిఫ్టు చేయించుకునే కంపెనీకి అభ్యంతరం లేదు. అదే అమ్మాయి తన కోసం తొమ్మిదింటికి బయట నడిస్తే వార్డెన్‌కు అభ్యంతరం. అంటే రాత్రి స్త్రీకి ప్రమాదం కాదు, స్త్రీ తన ఇష్టానికి తిరిగే రాత్రి మాత్రమే ప్రమాదం.

ఈ సందర్భంలో రమీజాబీని తలుచుకోకుండా ఉండలేను. 1978 మార్చి నెలాఖరులో ఆమె, భర్త అహ్మద్ హుస్సేన్ రాత్రి సినిమా చూసి తిరిగి వస్తున్నారు. పోలీసులు ఆమెను పట్టుకున్నారు. నల్లకుంట పోలీస్‌స్టేషన్‌లో ఆమె మీద అత్యాచారం జరిగింది. భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. ఊరు అట్టుడికిపోయింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులుగా తేల్చింది. కానీ కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయి, 1981లో వాళ్లంతా విడుదలయ్యారు. విచారణ పొడుగునా దోషిగా నిలబెట్టింది ఆమెనే, ఆమె శీలాన్నే. ఆమె చేసిన నేరం రాత్రి సినిమా చూసి నడిచి రావడం. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం తర్వాత కూడా జాగ్రత్తల జాబితాలు వచ్చింది అమ్మాయిలకే. ఎక్కడికెళ్తున్నారో ఇంట్లో చెప్పండి, ఒంటరిగా ఉండకండి, చీకటి దారిలో వెళ్లకండి. నలభై ఏళ్లలో సలహా మారలేదు.

2014 అక్టోబరులో మొదలైన షీటీమ్స్ వల్ల బస్‌స్టాపుల్లో వేధింపుల మీద ఫిర్యాదు చేసే ధైర్యం కొంత వచ్చింది. అది ఒప్పుకోవాలి. కానీ కాపలా వేరు, స్వేచ్ఛ వేరు. వీధి దీపం, మనుషులు తిరిగే ఫుట్‌పాత్, రాత్రి పదింటికీ తిరిగే బస్సు, తాళం వేయని మరుగుదొడ్డి, పక్కన తోపుడుబండి మీద పూలమ్మే స్త్రీ, ఇవన్నీ ఉన్న వీధికి పోలీసు అవసరం తక్కువ పడుతుంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ఆ పూలమ్మే స్త్రీకి అక్కడ కూర్చునే హక్కు ఇచ్చింది. ఆమెను 'ఆక్రమణ' పేరుతో లేపేసిన రోజున ఆ వీధి మనకూ ఒక కన్ను పోగొట్టుకుంటుంది.

అన్నిటికంటే నన్ను కదిలించిన నడక మూసీ ఒడ్డుది. 2024 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మూసీ ప్రక్షాళన పేరుతో చాదర్‌ఘాట్ దగ్గరి మూసానగర్, శంకర్‌నగర్‌లలో ఇళ్లు కూల్చి కుటుంబాలను డబుల్ బెడ్‌రూం ఇళ్లకు తరలించారు. నది ముంచుతుందని మాకూ తెలుసు. పక్కా ఇల్లు వద్దనే పేదరాలు లేదు. కూలిన గోడల మధ్య ఇంకా మిగిలి ఉన్న ఒకామెను అడిగాను, కొత్త ఇల్లు బాగుంటుంది కదా అని. ఆమె అటూ ఇటూ చూపిస్తూ చెప్పింది. ఆ కొట్టులో ఉద్దెర పెడతారు. ఆ ఇంటి అవ్వ పిల్లల్ని చూస్తుంది. ఈ మూల ఇంట్లో చిట్టీ నడుస్తుంది. "ఆయన తాగొచ్చి కొట్టిన్నాడు, అగో ఆ నీలి తలుపు కొడత. ఎన్ని గంటలైనా తెరుస్తది. కొత్త బిల్డింగుల ఏ తలుపు కొట్టాలె?"

నీలి తలుపు ఇల్లు అప్పటికే కూలిపోయింది. గుమ్మం మాత్రం నిలబడి ఉంది.

గృహహింస చట్టం భార్యకు ఉమ్మడి గృహంలో నివసించే హక్కు ఇచ్చింది. దాని కోసం మనం ఎంతో పోరాడాం. కానీ అర్ధరాత్రి ఒక స్త్రీ ప్రాణం కాపాడేది గృహం కాదు, పక్కింటి తలుపు. ఇరుగుపొరుగు మీద హక్కు ఏ చట్టంలోనూ లేదు. పునరావాసం లెక్కల్లో చదరపు అడుగులున్నాయి, అంతస్తులున్నాయి. ఆ నీలి తలుపు లేదు. 2023 జూన్‌లో కొల్లూరులో ఒక్కచోటే 15,660 ఇళ్లు ప్రారంభించారు. ఔటర్ రింగురోడ్డు పక్కన అంత పెద్ద ఊరు కట్టినప్పుడు, లాటరీలో పేరు వచ్చిన స్త్రీకి పక్కన ఎవరొస్తారో, పొద్దున ఆరింటికి పనిళ్లకు బస్సు ఎక్కడ దొరుకుతుందో అనే ప్రశ్న ఎవరు అడిగారు? ఇల్లు కాగితం మీద స్త్రీ పేరుతో ఇవ్వాలని మనం అడిగాం, మంచిదే. పక్కింటివాళ్లతో కలిపి తరలించమని కూడా ఇకనైనా అడగాలి.

ఈ నడకల మీద మాలోనే విమర్శ వచ్చింది. ఇన్ని కేసులు పెండింగులో ఉండగా ఈ షికార్లేమిటని ఒక పెద్దావిడ గట్టిగా అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మేం ఎవర్ని వదిలేశామో కూడా తెలిసింది. పోలియో వచ్చిన కాలుతో ఒక కార్యకర్త ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మెట్లు ఎక్కలేక రెండో నడకలోనే ఆగిపోయింది. ఆదివారం కూడా సెలవు లేని పనమ్మాయిలు రాలేకపోయారు. అయినా నా జవాబు ఇదే: మేం తిరగకముందు కేసులు తక్కువేం లేవు, మేం చీటీలు రాసిచ్చేవాళ్లం, అంతే.

అందుకే మా పని పద్ధతిలో కొన్ని మార్పులు చేసుకున్నాం. మీరూ ఆలోచించండి. ఏ స్త్రీనైనా ఎక్కడికైనా పంపేటప్పుడు చిరునామాతో పాటు ఏ బస్సు, ఎక్కడ దిగాలి, ఎంత నడవాలి అన్నది కూడా చెప్పాలి. మొదటిసారి ఎవరైనా తోడు వెళ్లాలి. ఎవరైనా "ఎందుకు?" అంటే "పనుంది" అని మాత్రం చెప్పి ముందుకు నడవొచ్చని ఆమెకు చెప్పాలి. సమావేశాలు ఎప్పుడూ మన ఆఫీసులో కాకుండా వంతులవారీగా పేటల్లో పెట్టాలి. ప్రతి బస్తీలో రాత్రి తెరుచుకునే తలుపులు ఎన్నున్నాయో స్త్రీలే గుర్తు పెట్టుకోవాలి, వాటిని పెంచాలి. తరలింపు మాట వచ్చిన చోట ముందుగా ఆ లెక్క ప్రభుత్వం ముందు పెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీలకు ఉచిత బస్సు వచ్చింది. విజయవాడ, విశాఖ, గుంటూరు మిత్రులు కూడా తమ ఊళ్లలో నడిచి చూడాలి. వరంగల్, నిజామాబాద్ మిత్రులకూ ఇదే మాట. ఊరు చిన్నదైనంత మాత్రాన వీధి మనదైపోదు.

ఈ సంచికలో నడకల్లో పాల్గొన్న స్త్రీలు గీసిన పటాలు, వాళ్లు చెప్పిన విషయాలు వాళ్ల మాటల్లోనే వేస్తున్నాం. మొదటి పటాలు, ఏడాది తర్వాత గీసిన పటాలు పక్కపక్కన పెట్టాం. తేడా మీరే చూడండి.

బోరబండ ఆమె సంగతి చెప్పి ముగిస్తాను. రెండో నడక అయిన వారమే ఆమె ఆ ఆఫీసుకు వెళ్లింది. మాలో ఒకరం తోడు వెళ్లాం. ఫిర్యాదు ఇచ్చింది, కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు వచ్చింది. భర్త మారిపోయాడని చెప్పను. ఇంట్లో గొడవ పూర్తిగా ఆగలేదు. కూతురి మీద మాత్రం చెయ్యి పడటం లేదు. పోయిన నెల ఆమె మా ఆఫీసుకు మళ్లీ వచ్చింది. వెనక ఇంకో స్త్రీ నిలబడి ఉంది, కన్ను వాచి ఉంది. నేను రిజిస్టరు తీసి చిరునామా రాయబోతుంటే, ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"చీటీ ఎందుకక్కా? నేను తోల్కపోత. నాకు తొవ్వ ఎరుక" అంది.